మీకు తెలుసా? పాన్ ఇవ్వకుంటే పది కాస్తా ఇరవై

ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీ మీద బ్యాంకు మామూలుగా కోసే టీడీఎస్ 10 శాతం. అదే డిపాజిట్‌కు పాన్ నంబరు ఇవ్వకపోయినా, ఇచ్చిన నంబరు తప్పయినా 20 శాతం కోస్తారు. ఇది బ్యాంకు మేనేజరు పెట్టుకున్న నియమం కాదు. పాత ఆదాయపు పన్ను చట్టంలో 206ఏఏ అనే సెక్షన్ 2010 ఏప్రిల్ 1 నుంచి ఇలాగే చెబుతూ వచ్చింది: పాన్ లేకపోతే అసలు రేటు, 20 శాతం, వీటిలో ఏది ఎక్కువైతే అది. కొత్తగా 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చేలా చేసిన 2025 ఆదాయపు పన్ను చట్టం కింద సెక్షన్ల, ఫారాల నంబర్లు వేరు. బ్యాంకు కౌంటర్ల దగ్గర, పెన్షనర్ల మాటల్లో వినిపించేవి ఇప్పటికీ పాత నంబర్లే కాబట్టి ఇక్కడా వాటినే వాడుతున్నాను.

బోద్రీ నుంచి ఈ విషయం మాట్లాడుకోవడానికి కారణం ఉంది. బిలాస్‌పూర్ నుంచి రాయపూర్ వెళ్లే దారిలో, చకర్‌భాఠా విమానాశ్రయం పక్కన ఉన్న ఈ చిన్న ఊళ్లోనే ఛత్తీస్‌గఢ్ హైకోర్టు ఉంది. బిలాస్‌పూర్ ఏమో రైల్వే ఊరు. 1887లో పుట్టిన బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచి శ్రీకాకుళం, విజయనగరం వైపు కుటుంబాలు ఈ లైను వెంట ఉద్యోగాలకు వచ్చి స్థిరపడ్డాయి. 2003 నుంచి ఆగ్నేయ మధ్య రైల్వేకు ఈ ఊరే కేంద్రం. పెన్షన్, గ్రాట్యుటీ, వాటితో వేసుకున్న డిపాజిట్, సొంతూళ్లో అమ్మకానికి పెట్టిన ఇల్లు: రిటైరైన రైల్వే కుటుంబంలో డబ్బు కదిలే ప్రతి చోటా పది గళ్ల పాన్ నంబరు అడుగుతారు. దానితోపాటు పేరు కూడా అడుగుతారు. మన తెలుగువాళ్లకు చిక్కు వచ్చేది ఎక్కువగా ఆ పేరు దగ్గరే.

పాన్‌లోని పది గళ్లలో నాలుగోది, ఐదోది ఎప్పుడైనా పరీక్షగా చూశారా? నాలుగో అక్షరం యజమాని ఎవరో చెబుతుంది. వ్యక్తి అయితే ‘పి’, కంపెనీ అయితే ‘సి’, హిందూ అవిభక్త కుటుంబం అయితే ‘హెచ్’, భాగస్వామ్య సంస్థ అయితే ‘ఎఫ్’, ట్రస్టు అయితే ‘టి’. వ్యక్తుల పాన్‌లో ఐదో అక్షరం ఇంటిపేరులోని మొదటి అక్షరం. పొట్నూరు అప్పారావు అనే ఒక ఉద్యోగి ఉన్నాడనుకుందాం. విజయనగరంలో దరఖాస్తు పెట్టి ఉంటే ఆయన ఇంటిపేరు పొట్నూరు, ఐదో అక్షరం ‘పి’. హిందీ ప్రాంతంలో గుమాస్తాకు పేరులో చివరి మాటే ఇంటిపేరు. అక్కడ ఆయన ‘అప్పా రావ్’ అవుతాడు, ఇంటిపేరు ‘రావ్’ అవుతుంది, ఐదో అక్షరం ‘ఆర్’ అవుతుంది. ఆధార్‌లో పొట్నూరు అప్పారావు, సర్వీసు రికార్డులో పి. అప్పా రావ్, బ్యాంకు పాసుబుక్కులో పి.ఏ. రావ్. మనిషి ఒక్కడే, కానీ కంప్యూటరుకు ముగ్గురు కనిపిస్తారు.

ఇక్కడ చాలామంది భయపడి చేసే పని కొత్త పాన్ తీసుకోవడం. అది వద్దు. పేరు సరిదిద్దుకున్నా, పెళ్లయి ఇంటిపేరు మారినా పాన్ నంబరు మారదు. ఐదో అక్షరం పాతదే ఉండిపోయినా అది చెల్లుతుంది. రెండు పాన్‌లు ఉండటమే తప్పు, దానికి 272బి సెక్షన్ కింద 10,000 రూపాయల జరిమానా పడవచ్చు. తప్పని తెలిసీ తప్పు నంబరు రాసి ఇచ్చినా అదే సెక్షన్. పాత అలవాటుతో ఇప్పటికీ రెండు కార్డులు దాచుకున్నవారు ఒకదాన్ని శాఖకు అప్పగించేయడం మేలు. అసలు కార్డే లేదన్నవారికి ఆధార్ ఆధారంగా ఆదాయపు పన్ను శాఖ పోర్టల్‌లో ఈ-పాన్ ఉచితంగా వస్తుంది. ఏజెంటుకు డబ్బు కట్టనక్కర్లేదు.

పాన్ ఉండీ లేనట్టే అవుతుందని తెలుసా? ఆధార్‌తో ముడిపెట్టని పాన్‌లు 2023 జులై 1 నుంచి నిద్రాణమయ్యాయి. కార్డు జేబులో ఉంటుంది, నంబరు కచ్చితంగానే ఉంటుంది, అయినా 206ఏఏ లెక్కలో మీరు పాన్ ఇవ్వనట్టే. టీడీఎస్ 20 శాతం. పైగా ఆ పాన్ మేలుకునే దాకా రిఫండ్ రాదు, ఆ మధ్య కాలానికి రిఫండ్ మీద వడ్డీ కూడా రాదు. మేలుకొలపడానికి 1,000 రూపాయల రుసుము కట్టాలి, పేరు, పుట్టిన తేదీ రెండు చోట్లా కలవాలి. కలవకపోతే ముందు ఏదో ఒక రికార్డును సరిదిద్దించుకోవాలి. అప్పారావు గారి ముగ్గురు మనుషులు ఇక్కడే అడ్డం పడతారు.

ఈ నియమం నుంచి మినహాయింపు ఉన్నవారి సంగతి తక్కువమందికి తెలుసు. 80 ఏళ్లు నిండినవారికి ఆధార్ ముడి తప్పనిసరి కాదు. భారత పౌరులు కానివారికి, అసోం, మేఘాలయ, జమ్మూ కశ్మీర్ నివాసులకు కూడా అంతే. ప్రవాసులకూ మినహాయింపు ఉంది, కానీ వాళ్లు తమ నివాస హోదాను పోర్టల్‌లో మార్చి ఉండాలి. ఆ ఒక్క పని చేయకుండా అమెరికాకో గల్ఫ్‌కో వెళ్లిపోయిన పిల్లల పాన్‌లు కూడా నిద్రాణమై కూర్చున్నాయి. తండ్రి పేరిట ఉన్న ఇల్లు పంచుకుని అమ్మబోయే రోజున ఆ సంగతి బయటపడుతుంది.

ఇంటి అమ్మకం దగ్గర ఈ దెబ్బ ఎంత పెద్దదో చూడండి. 50 లక్షలు, అంతకు మించిన స్థిరాస్తి కొన్నవారు, దేశంలో నివసించే అమ్మకందారుకు ఇచ్చే సొమ్ములో 1 శాతం టీడీఎస్ కోసి ప్రభుత్వానికి కట్టాలి. 60 లక్షల ఇంటికి అది 60,000. అమ్మినవారి పాన్ నిద్రాణమై ఉంటే అది 20 శాతం, అంటే 12 లక్షలు. ఈ తేడా కట్టమని నోటీసు వచ్చేది అమ్మినవారికి కాదు, కొన్నవారికి. రిజిస్ట్రేషన్ అయిపోయింది, డబ్బు మొత్తం చేతులు మారింది, ఏడాది తర్వాత 11 లక్షల 40 వేల డిమాండు. ఇలా దేశమంతటా కొనుగోలుదారులు మొత్తుకున్నాక ప్రత్యక్ష పన్నుల బోర్డు దిగివచ్చింది. 2024 ఏప్రిల్ 23న ఒక సర్క్యులర్, 2025 జులై 21న మరొకటి ఇచ్చింది. రెండో దాని ప్రకారం 2024 ఏప్రిల్ 1 నుంచి 2025 జులై 31 మధ్య జరిగిన చెల్లింపులకు, పాన్ 2025 సెప్టెంబరు 30 లోపు మేలుకొని ఉంటే అదనపు కోత అడగరు. 2025 ఆగస్టు 1 తర్వాతి చెల్లింపులకైతే, డబ్బు ఇచ్చిన నెల ముగిశాక రెండు నెలల గడువు. మంచి ఊరటే, కానీ అమ్మినవారు కదిలితేనే అది దక్కుతుంది. కొనేవారి చేతిలో ఏమీ లేదు. అందుకే అడ్వాన్సు ఇవ్వకముందే అమ్మేవారి పాన్ పనిచేస్తోందో లేదో పోర్టల్‌లో చూసుకోండి. బంధువుల దగ్గర కొంటున్నా సరే, మొహమాటపడకండి.

లారీ యజమానుల విషయంలో లెక్క ఇంకా పదునుగా ఉంటుంది. బిలాస్‌పూర్, కోర్బా చుట్టూ బొగ్గు మోసే లారీలు ఎన్ని తిరుగుతాయో ఇక్కడివారికి తెలుసు. ఏడాదిలో ఎప్పుడూ పదికి మించి సరకు వాహనాలు లేని రవాణాదారు, తన పాన్‌తోపాటు ఆ మాట రాసి ఇస్తే టీడీఎస్ సున్నా. పాన్ ఇవ్వకపోతే 20 శాతం. ఒక్క కాగితంతో సున్నా, అది లేకపోతే కిరాయిలో ఐదో వంతు! డీజిలు, టైర్లు, డ్రైవరు జీతం పోగా చిన్న యజమానికి కిరాయిలో ఐదో వంతు మిగలడం కష్టం.

ప్రావిడెంట్ ఫండ్ గురించి కూడా చెప్పుకోవాలి. స్టేషన్లలో, కోచ్‌ల శుభ్రతలో కాంట్రాక్టు పని చేసే కుర్రాళ్లు ఐదేళ్ల సర్వీసు నిండకుండా మానేసి 50,000 దాటిన పీఎఫ్ సొమ్ము తీసుకుంటే 10 శాతం కోత. పాన్ లేకపోతే ఒకప్పుడు 34 శాతానికి పైగా కోసేవారు. 2023 ఏప్రిల్ 1 నుంచి దాన్ని 20 శాతానికి తగ్గించారు. తగ్గింది నిజమే. అయినా పన్ను పరిధి దరిదాపుల్లో లేని కూలి మనిషి సొమ్ములో ఐదో వంతు పోతోందంటే నాకు మనసొప్పదు.

నాలాగే అనుకున్నవారు కోర్టుకు వెళ్లిన సందర్భం ఉంది. పన్ను పడేంత ఆదాయమే లేని చిన్న డిపాజిటర్లు కర్ణాటక హైకోర్టులో 206ఏఏని సవాలు చేశారు. పన్ను పరిధిలో లేనివారు పాన్ తీసుకోనక్కర్లేదని చట్టంలోనే ఒక చోట ఉంది, మరి పాన్ లేదని వాళ్ల దగ్గర 20 శాతం ఎలా కోస్తారన్నది వాళ్ల ప్రశ్న. 2012లో ఆ కోర్టు వాళ్ల వైపే తీర్పు చెప్పింది. పన్ను పరిధిలోకి రాని ఆదాయం ఉన్నవారి మీద ఈ సెక్షన్‌ను బిగించకూడదంది. న్యాయమైన తీర్పు. అయితే ఒక రాష్ట్ర హైకోర్టు మాట మీద ఆధారపడి బోద్రీలోని బ్యాంకు కౌంటరు దగ్గర వాదనకు దిగడం కన్నా పాన్ తీసుకోవడమే సులువు.

కోత అసలే వర్తించని చోట 206ఏఏ కూడా వర్తించదు. ఇదీ చాలామందికి తెలియదు. ఒక బ్యాంకులో ఏడాది వడ్డీ 60 ఏళ్ల లోపు వారికి 50,000 దాటితేనే, పెద్దవారికి లక్ష దాటితేనే టీడీఎస్. ఈ పరిమితులు 2025 ఏప్రిల్ 1 నుంచి వచ్చాయి. 8 లక్షల డిపాజిట్ మీద 7 శాతం చొప్పున వడ్డీ 56,000 వచ్చిందనుకోండి. 65 ఏళ్ల మనిషికి కోత లేదు. 50 ఏళ్ల మనిషికి 5,600, పాన్ లేకపోతే 11,200. జాయింటు డిపాజిట్ అయితే మొదటి పేరు ఎవరిదో వాళ్ల పాన్ చూస్తారు. భర్త పోయాక భార్య పేరు ముందుకు వస్తుంది, ఆమె పాన్ బ్యాంకు దగ్గర ఉండదు. ఆ దుఃఖంలో ఎవరికీ గుర్తు రాని పని ఇది. పిల్లలు చూసుకోవాలి.

పన్ను పడదని రాసి ఇచ్చే ఫారం 15జీ, 60 దాటినవారి 15హెచ్ కూడా పాన్ లేకుండా చెల్లవు. ఫారం ఇచ్చామన్న ధీమాతో ఉండగానే 20 శాతం కోత పడిపోతుంది. పైగా ఆ ఫారం ఒక్క ఏడాదికే. ఏటా ఏప్రిల్‌లో మళ్లీ ఇవ్వాలి.

అమెరికాలో ఉన్న మన పిల్లలకూ ఇలాంటిదే ఒకటి ఉంది. అక్కడ దీన్ని బ్యాకప్ విత్‌హోల్డింగ్ అంటారు, రేటు 24 శాతం. బ్యాంకు, బ్రోకరు అడిగినప్పుడు డబ్ల్యూ-9 ఫారంలో సోషల్ సెక్యూరిటీ నంబరు ఇవ్వకపోయినా, నంబరూ పేరూ కలవకపోయినా వడ్డీ, డివిడెండ్ల మీద ఆ కోత మొదలవుతుంది. ముందు ‘బి నోటీసు’ అనే ఉత్తరం వస్తుంది, దాన్ని ప్రకటన అనుకుని పారేయకూడదు. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒక గడిలో, సొంత పేరు మరో గడిలో సరిగ్గా లేనివారికి ఈ ఉత్తరం రావడం వింతేమీ కాదు. ఎఫ్-1 వీసా మీద కొత్తగా వెళ్లిన విద్యార్థులు సాధారణంగా నింపాల్సింది డబ్ల్యూ-9 కాదు, డబ్ల్యూ-8 బెన్. అక్కడ కోసింది 1099 కాగితంలో కనిపిస్తుంది, ఏడాది రిటర్నులో లెక్క కట్టి వెనక్కి తీసుకోవచ్చు.

మన దగ్గర వెనక్కి రాబట్టడం అంత తేలిక కాదు. కోత ఎవరి పాన్ కింద జమైందో వారి 26ఏఎస్ పన్ను పత్రంలోనే కనిపిస్తుంది. పాన్ లేనివారి కోతను టీడీఎస్ స్టేట్‌మెంట్‌లో ఎలా రాస్తారో తెలుసా? నంబరు ఉండాల్సిన పది గళ్లలో ‘పాన్ అప్లైడ్’ అనో, ‘పాన్ ఇన్‌వాలిడ్’ అనో ఇంగ్లిషు అక్షరాలు నింపుతారు. రెండింటికీ సరిగ్గా పదేసి అక్షరాలు. ఆ సొమ్ము ప్రభుత్వానికి చేరుతుంది, ఏ మనిషి ఖాతాలోకీ ఎక్కదు. రిటర్ను వేసినా దాన్ని అడిగే వీలుండదు. దారి ఒక్కటే, కోసినవారి చేత స్టేట్‌మెంట్ సరిచేయించడం. జనవరి నుంచి మార్చి వరకు కోసినదానికి స్టేట్‌మెంట్ దాఖలు గడువు మే 31. అంతకు ముందే పాన్ అందిస్తే మొదటిసారే సరైన పేరు మీద ఎక్కించగలరు. గడువు దాటితే సవరణ స్టేట్‌మెంట్ వేయమని బ్యాంకుకు రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి, మీ దగ్గరుండే కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకోండి.