23వ అధికరణ మేస్త్రీకీ వర్తిస్తుంది

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లో గ్రూప్స్‌కి చదివే మన పిల్లలకు రాజ్యాంగం కొత్త కాదు. 17 అంటే అంటరానితనం రద్దు, 23 అంటే వెట్టి నిషేధం అని నిద్రలో లేపి అడిగినా చెబుతారు. అవి ఎవరిని కట్టడి చేస్తాయని అడిగితే మాత్రం 'ప్రభుత్వాన్ని' అంటారు. అది సగమే నిజం.

ప్రాథమిక హక్కుల్లో చాలావరకు ప్రభుత్వాన్ని ఉద్దేశించినవే. 15(2), 17, 23 అలా కాదు. హోటల్లో వేరే గ్లాసు పెట్టేవాడికి, బావి దగ్గర అడ్డుపడేవాడికి, కూలి ఎగ్గొట్టే కాంట్రాక్టరుకి కూడా అవి వర్తిస్తాయి. సంస్థానాల కింద తరతరాలు వెట్టి చేసిన నేలకి ఇది చిన్న తేడా కాదు.

2016 అక్టోబర్ 11 దాకా ఈ మూడూ మహబూబ్‌నగర్ జిల్లాలోనివే. డ్యాములు, కాలువలు కట్టడానికి ఇక్కడి నుంచి వలసపోయినవాళ్లకే 'పాలమూరు లేబర్' అని పేరు. గుంపు మేస్త్రీ ముందు అడ్వాన్సు ఇస్తాడు. అది తీరేదాకా అతను చెప్పిన చోటే పని, అతను వేసిందే లెక్క. 'ఇష్టపడే పోయారు కదా' అనే వాదన ఊళ్లో ఇప్పటికీ వినిపిస్తుంది.

ఆ వాదనకు సుప్రీంకోర్టు 1982లోనే జవాబిచ్చింది. ఢిల్లీ ఆసియా క్రీడల నిర్మాణ పనుల్లో కూలీల రోజు కనీస వేతనం 9 రూపాయల 25 పైసలు. మధ్యలో జమాదారు ఒక రూపాయి కమీషన్ కోసుకునేవాడు. పీయూడీఆర్ అనే హక్కుల సంఘం జస్టిస్ భగవతికి రాసిన ఉత్తరమే కేసయింది. కనీస వేతనం కన్నా తక్కువకి చేయించుకునే పని 23వ అధికరణ నిషేధించిన బలవంతపు చాకిరీయేనని కోర్టు తేల్చింది. కొట్టి చేయిస్తేనే బలవంతం కాదు, ఆకలి నెట్టినా బలవంతమే అంది. జమాదారు చోట మేస్త్రీని పెట్టి ఆ తీర్పు చదవండి.

ఈ అధికరణ అమలుకే 1976 వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం ఉంది. దాని ప్రకారం వెట్టి అప్పు తీర్చనక్కర్లేదు. అది వెట్టి అప్పు కాదని రుజువు చేసుకోవాల్సింది అప్పిచ్చినవాడే. జిల్లాకో విజిలెన్స్ కమిటీ ఉండాలి, అందులో కలెక్టర్ నామినేట్ చేసిన ముగ్గురు స్థానిక ఎస్సీ, ఎస్టీలు ఉండాలి. అంటే 2016 తర్వాత ఒక్కటి కాదు, మూడు జిల్లాలకూ మూడు కమిటీలు. మీ జిల్లాలో ఆ ముగ్గురు ఎవరు, కమిటీ చివరిసారి ఎప్పుడు కూర్చుంది? సమాచార హక్కు చట్టం కింద కలెక్టరేట్‌కి దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.