సెలవు పుచ్చుకొనని గుమాస్తా

సొసైటీ సొమ్ము హరించువాడు పెట్టె పగులగొట్టి వచ్చు దొంగ కాడు. సాధారణముగా అందరికిని నమ్మకస్థుడు. అందరికంటె ముందు ఆఫీసు తెరచి, పొద్దుగూకిన పిమ్మట తాళము వేయువాడు. ఏడాదిలో ఒక్క దినమైనను సెలవు కోరనివాడు. కష్టపడు వారినెల్ల శంకింపుడని మేము చెప్పుటలేదు. కాని సెలవు పుచ్చుకొనకపోవుటలో ఒక కిటుకు దాగియుండవచ్చును.

ఒక రైతు 10,000 రూపాయలు కిస్తు చెల్లించెననుకొనుడు. గుమాస్తా ఆ పైకము సొంతమునకు వాడుకొనెను. వారమునకు రెండవ రైతు చెల్లించిన 10,000 రూపాయలు మొదటివాని ఖాతాలో జమకట్టెను. మూడవవాడు చెల్లించినది రెండవవాని పేర పడును. ఎప్పుడును ఒకరి జమ వెనుకబడియే యుండును. ఈ గొలుసు తెగకుండవలెనన్న గుమాస్తా ప్రతిదినమును తన బల్లవద్ద నుండి తీరవలెను. వేరొకడు పది దినములు చిట్టా వ్రాసెనా, గుట్టు బయటపడును. రిజర్వు బ్యాంకువారు 2021లో సహకార బ్యాంకులకు సయితము ఒక యుత్తరువు చేసిరి: సొమ్ముకు సంబంధించిన సున్నితమైన పనులలోనున్న ఉద్యోగిని ఏటేట 10 పనిదినములకు తక్కువ గాకుండ, ముందు తెలుపకయే, ఒక్క విడతగా సెలవుపై పంపవలెనట. మన గ్రామ సొసైటీలకు ఇది వర్తింపకున్నను, పంచాయతుదారులు అట్టి తీర్మానము చేసికొనుటకు అడ్డేమి?

అమెరికాలో డొనాల్డ్ క్రెస్సీ యను పండితుడు చెరసాలలోని నమ్మకద్రోహులతో మాటలాడి 1953లో ఒక గ్రంథము ప్రకటించెను. తాము దొంగిలించుచున్నామని వారు తలపలేదు. బదులు తీసికొంటిమి, మరల పెట్టుదుమని తమకు తాము చెప్పుకొనిరి. ఇతరులతో చెప్పుకొనరాని యిక్కట్టు, చేతికందు పైకము, ఈ సమాధానము, మూడును కూడినచోట ద్రోహము పుట్టును. ఒకరి యింటి యిక్కట్టును మనము తీర్పలేకపోవచ్చును. పైకము ఒక్కని చేతికే అందకుండ చేయగలము. సొమ్ము పుచ్చుకొనువాడు లెడ్జరు వ్రాయరాదు. ఎరువుల నిల్వను పుస్తకములో గాక గిడ్డంగిలో బస్తాలు లెక్కించి చూడవలెను. కంప్యూటరు వచ్చినచోట నొక మాట: మొగమాటమునకు తన పాస్‌వర్డు తోటివానికిచ్చు ఉద్యోగి, వాడు చేసిన పనికి తాను జవాబుదారి యగును.

ఇక రైతుల సంగతి. పాస్ పుస్తకము గుమాస్తా వద్దనే యుంచుట మన పల్లెలలో మర్యాదగా చెల్లుచున్నది. ఇంతకంటె చెడ్డ అలవాటు లేదు. ఖాళీ కాగితముపై వేలిముద్ర వేయుట దానికి తోబుట్టువు; బినామీ అప్పులు పుట్టునది అక్కడనే. పరవాడ ప్రాంతమున సింహాద్రి విద్యుత్ కేంద్రమునకును, ఫార్మాసిటీకిని భూములిచ్చిన కుటుంబములు గలవు. పరిహారముగా వచ్చిన పైకమును దాచుకొనువారు ఒకటి యెరుగవలెను. బ్యాంకు డిపాజిటులకు 2020 నుండి మనిషికి 5 లక్షల రూపాయల వరకు బీమా గలదు. ప్రాథమిక వ్యవసాయ సొసైటీలోని డిపాజిటుకు ఆ రక్షణ లేదు. అచ్చట పోయినది తేలికగా రాదు.

మోసములు బయటపడు విధమును గూర్చి మోసపరిశోధకుల అంతర్జాతీయ సంఘమువారు 2024లో ప్రకటించిన నివేదికలో, నూటికి 43 మోసములు ఎవరో ఒకరు చెప్పుటవలననే తెలిసినవని యున్నది. చెప్పినవారిలో సగమునకు పైబడి ఉద్యోగులే. ప్రక్కబల్లమీద కూర్చుండు చిన్నయుద్యోగికే మొదట అనుమానము కలుగును. వాని నోరు మూయించునది కొలువు పోవునను భయము. అట్టివాని పేరు వెల్లడింపక సంగతి విచారించుట పంచాయతుదారుల విధి.

వారే ఉపేక్షించిరేని, 1964వ సంవత్సరపు సహకార సంఘముల చట్టమున 51వ సెక్షను క్రింద విచారణయు, 60వ సెక్షను క్రింద నష్టము రాబట్టుటయు గలవు. సొసైటీ లెక్కలు తమకు చూపరని కొందరు నిరాశపడుదురు. సమాచార హక్కు చట్టము సొసైటీకి నేరుగా వర్తింపదని సుప్రీంకోర్టు 2013లో ఒక కేరళ సొసైటీ వ్యాజ్యమున తీర్పు చెప్పిన మాట నిజమే. అయినను చట్టప్రకారము రిజిస్ట్రారు రాబట్టదగిన సమాచారమును ఆయన ద్వారా కోరవచ్చునని ఆ తీర్పులోనే యున్నది. అర్జీ ఆయన కచేరికి పంపవలెను.