మోటార్‌హోమ్‌కు ప్రొపేన్ హీటర్: గ్యాస్ కన్నా ముందు చూడాల్సిన లెక్కలు

చలికాలం రాగానే అమెరికాలో అరిజోనా రాష్ట్రంలోని క్వార్ట్‌జ్‌సైట్ ఎడారికి వేలాది మోటార్‌హోమ్‌లు చేరతాయి. అక్కడి ప్రభుత్వ భూముల్లో చాలాచోట్ల ఆపుకోవచ్చు గానీ, కరెంటు దొరకదు. జనవరి రాత్రుల్లో ఉష్ణోగ్రత 5 డిగ్రీల దాకా దిగుతుంది. బండితో పాటే వచ్చిన ఫర్నేస్ ఉండగా ఇంకో హీటర్ ఎందుకు?

బ్యాటరీ కోసం. ఆ ఫర్నేస్ సామర్థ్యం సాధారణంగా గంటకు 30,000 బీటీయూలు (వేడిని కొలిచే ప్రమాణం). మండేది గ్యాసే అయినా, వేడిని లోపలికి తోసే ఫ్యాన్‌కు 7, 8 ఆంపియర్లు కావాలి. పది గంటల రాత్రిలో సగం సేపే తిరిగినా దాదాపు 37 ఆంపియర్-అవర్లు పోతాయి. 100 ఆంపియర్-అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీ పాడవకుండా ఉండాలంటే అందులో సగమే వాడాలి. దీపాలు, నీటి పంపు మిగిలిన ఆ 13లోనే సర్దుకోవాలి. పైగా రాత్రికి 3 కిలోల గ్యాస్; 9 కిలోల సిలిండర్ మూడు రాత్రులకు సరి.

6,000 బీటీయూల క్యాటలిటిక్ హీటర్‌కు కరెంటే అక్కర్లేదు. వేడి తక్కువే అయినా చిన్న బండికి చాలావరకు సరిపోతుంది. రాత్రికి కిలోంబావు గ్యాస్ చొప్పున అదే సిలిండర్ ఏడు రాత్రులు వస్తుంది.

అయితే దీనికి పొగగొట్టం ఉండదు. అసలు చూడాల్సింది ఇదే. కిలో ప్రొపేన్ మండితే 1.6 కిలోల నీరు పుడుతుంది, 3.6 కిలోల ఆక్సిజన్ ఖర్చవుతుంది. అంటే తెల్లారేసరికి రెండు లీటర్ల నీరు ఆవిరై గోడలకు, పరుపులకు పడుతుంది. 25 ఘనపు మీటర్ల బండిలో ఉండే ఆక్సిజన్ సుమారు 7 కిలోలు. కిటికీలన్నీ బిగించేస్తే రెండు గంటలు దాటగానే గాలిలో ఆక్సిజన్ 21 శాతం నుంచి 18కి పడిపోతుంది. అందుకే తయారీదారులు కిటికీ కొంత తెరిచే ఉంచమంటారు. నిద్రపోయేవాళ్ల ప్రాణాన్ని ఆ సందు మీద వదలడం నాకు సమ్మతం కాదు.

మధ్యేమార్గం ఒకటుంది: బయటి గాలి పీల్చుకుని, పొగను బయటికే వదిలే చిన్న హీటర్. 2 కిలోవాట్ల రకం ఒకటిన్నర ఆంపియర్ల లోపే తీసుకుంటుంది. రాత్రంతా నడిపినా 15 ఆంపియర్-అవర్లు మించదు. దీని గ్యాస్ ఖర్చు కూడా ఒకటిన్నర కిలోల లోపే.

సిలిండర్‌లో ఏముందో కూడా చూసుకోవాలి. మన ఇళ్లలో వాడే వంటగ్యాస్‌లో బ్యూటేన్ కూడా ఉంటుంది. అది సున్నా డిగ్రీల దగ్గరే ఆవిరవడం మానేస్తుంది. ప్రొపేన్ మైనస్ 42 దాకా ఆవిరవుతుంది. గాలి కన్నా ఒకటిన్నర రెట్లు బరువు కాబట్టి లీకైతే నేలబారున పేరుకుంటుంది. గ్యాస్ అలారం కింద, నేలకు దగ్గరగా బిగించాలి. కార్బన్ మోనాక్సైడ్ అలారం వేరేగా ఉండాలి.

నిద్రలో నడవాల్సిన హీటరైతే పొగగొట్టం ఉన్నదే కొనండి. పైపు పని లైసెన్సున్న గ్యాస్ మెకానిక్‌కే ఇవ్వండి.