సరస్సు ఒడ్డున గోడ కట్టవచ్చునా?

పిల్లలూ! మీ ఊరి చెరువు గట్టును లోపలివైపు నుంచి ఎప్పుడైనా చూచారా? ఎండాకాలంలో నీరు తగ్గినప్పుడు బాగా కనిపిస్తుంది. గట్టు నీటివైపు వాలుగా ఉంటుంది, ఆ వాలు మీద రాళ్లు పరచి ఉంటాయి. నిట్టనిలువుగా ఒక గోడ కట్టేస్తే బోలెడు చోటు కలిసి వచ్చేది గదా, మన పెద్దలు ఇట్లా ఎందుకు చేశారు?

సరిగ్గా ఈ ప్రశ్నతోనే పనిపడే ఉద్యోగులు అమెరికాలో ఉన్నారు. సరస్సు ఒడ్డున గోడ కట్టుకుంటామని ఎవరైనా దరఖాస్తు పెడితే, దానిని పరిశీలించి సరే అనటమో, కూడదనటమో వారి పని.

మిన్నెసోటా రాష్ట్రం కెనడా సరిహద్దున ఉంది. దానికి ‘పదివేల సరస్సుల సీమ’ అని పేరు. నిజానికి పది ఎకరాలూ, అంతకు మించినవీ లెక్కపెడితేనే అక్కడ 11,842 సరస్సులున్నాయి! వాటి ఒడ్డున ఇల్లు కట్టుకోవటమంటే అక్కడివారికి మహా సరదా. ఎవరి ఇష్టం వచ్చినట్లు వారు కడితే సరస్సులు పాడవుతాయని 1969లో ఆ రాష్ట్రం ఒక చట్టం చేసింది. సరస్సుకు 1,000 అడుగుల లోపు నేలంతా తీరభూమి కింద లెక్క. అక్కడ ఇళ్లకూ, మట్టి పనులకూ నియమాలున్నాయి.

ఒక ఇంటాయన దరఖాస్తు పెట్టాడనుకోండి. ‘ఏటేటా నా స్థలం కొంచెం కొంచెంగా నీటిలో కలిసిపోతున్నది. 60 అడుగుల పొడవు, 4 అడుగుల ఎత్తు గోడ కట్టుకోనివ్వండి,’ అన్నాడు. పాపం, ఆయన బాధ నిజమైనదే. డబ్బుపోసి కొన్న నేల కళ్లముందు కరిగిపోతుంటే ఎవరు ఊరుకుంటారు?

ఉద్యోగి వచ్చి మొదట సరస్సు హద్దు ఎక్కడో చూస్తాడు. ఈ రోజు నీరు ఎక్కడున్నదో చూస్తే చాలదు, ఎందుకంటే అది వానలనుబట్టి ముందుకూ వెనక్కూ జరుగుతుంది. నీరు చాలాకాలం నిలిచి, నేలమీద గుర్తులు వదలిన ఎత్తే అసలు హద్దు. దానికి సాక్షులు మొక్కలే! జమ్మువంటి నీటిమొక్కలు తగ్గి, మెట్టమొక్కలు మొదలయ్యేచోటు చూచి గుర్తిస్తారు. ఆ గీతకు దిగువన పని అయితే రాష్ట్రపు సహజవనరుల శాఖవారి అనుమతి కావాలి. ఎగువన అయితే ఆ జిల్లావారో, పట్టణంవారో చూచుకుంటారు.

తరువాత ఒడ్డు ఎందుకు కోసుకుపోతున్నదో చూడాలి. చాలాచోట్ల తప్పు సరస్సుది కాదు. ఇంటి కప్పు మీది వాననీరు కాలువకట్టి ఒడ్డును కోస్తూ ఉంటుంది. లేదా, అందంకోసం మొక్కలన్నీ పీకి నీటి అంచుదాకా పచ్చిక పెంచి ఉంటారు. కురచగా కత్తిరించే పచ్చికకు వేళ్లు పైపైనే ఉంటాయి, అవి మట్టిని పట్టలేవు. వాననీరు పైనుంచి కోస్తుంటే కింద గోడ కట్టి ఏం లాభం?

పోనీ, అలలే కోస్తున్నాయనుకోండి. అప్పుడు గోడ పనికివస్తుందా? మీరే పరీక్షించండి. ఒక వెడల్పాటి బేసినులో ఒకవైపు ఇసుక పోసి, దానికి ఆనించి ఒక ఇటుకను నిలబెట్టండి. ఇటుక అడుగున కూడా కొంత ఇసుక ఉండాలి. ఇటుక సగం మునిగేదాకా నీరు పోసి చేతితో అలలు లేపండి. అల ఇటుకను కొట్టి వెనక్కు తిరుగుతుంది. తిరిగేటప్పుడు ఇటుక పాదం దగ్గరి ఇసుకను లాగేస్తుంది. ఇటుక చివరలు చూడండి, అక్కడి ఇసుక కూడా కోసుకుపోతుంది. సరస్సు ఒడ్డున ఆ చివర ఉండేది పొరుగువాడి స్థలం! ఇప్పుడు ఇటుక తీసి, గులకరాళ్లు వాలుగా పరచి చూడండి. అల రాళ్ల సందుల్లోకి పాకి, అక్కడే బలం ఉడిగిపోతుంది. మన చెరువు గట్టు రహస్యం ఇదే. మిన్నెసోటాలో కూడా ఇట్లా రాళ్లు పరచనిస్తారు. కాని అడుగు ఎత్తుకు కనీసం మూడు అడుగుల వాలు ఉండాలి.

గోడకు వెనకనుంచి కూడా ప్రమాదమే. వానకు మట్టి నాని, నీరు పోయేదారి లేక గోడ వెనక నిలిచిందనుకోండి. ఘనపు అడుగు నీరు సుమారు 28 కిలోల బరువు. 4 అడుగుల ఎత్తున నీరు నిలిస్తే, గోడ పొడవులో ప్రతి అడుగునూ సుమారు 225 కిలోల బలంతో నెడుతుంది. మొత్తం 60 అడుగులకు 13 టన్నుల పైమాటే! మట్టి తోపు దీనికి అదనం.

మనకు తెలియని శత్రువు ఇంకొకటి అక్కడ ఉన్నది. చలికాలంలో సరస్సు గడ్డకడుతుంది. చలి ముదిరితే ఆ మంచు కుంచించుకుని పగుళ్లిస్తుంది, పగుళ్లలో నీరు చేరి అదీ గడ్డకడుతుంది. తరువాత కాస్త వెచ్చబడగానే మంచు సాగుతుంది. చోటు చాలక ఒడ్డు మీదికి తోసుకువస్తుంది! మామూలు ఒడ్డున అయితే మట్టిని పైకి నెట్టి చిన్నగట్టు వేస్తుంది. ఆ గట్టే ఒడ్డుకు కాపలా. గోడ అడ్డమైతే పగలవలసింది గోడే.

ఇక కప్పలూ, తాబేళ్లూ దరఖాస్తులు పెట్టవు గదా! గుడ్లు పెట్టటానికి ఒడ్డెక్కే తాబేలు నాలుగడుగుల గోడను ఎట్లా ఎక్కుతుంది? ఆ సంగతి కూడా ఉద్యోగే ఆలోచించాలి.

అట్లాగని అందరికీ కాదనరు. నిట్టనిలువు గట్టు అంచునే ఇల్లుండి, వాలు చేయటానికి చోటే లేకపోతే గోడ తప్పకపోవచ్చు. అప్పుడు ఇంజనీరు గీసిన పటం చూస్తారు. గోడ వెనక కంకర పొర, నీరు కారేందుకు తూములు ఉన్నాయా అని చూస్తారు.

మన ఇంటాయనకు మాత్రం గోడ దొరకదు. ఆయన స్థలంలో వాలుకు చోటున్నది. అలలు గట్టిగా తగిలేమేర రాళ్లు పరచి, మిగతా ఒడ్డున జమ్మూ, తుంగా, లోతైన వేళ్ల గడ్డీ నాటమంటారు. ఆయనకు ఇది అంతగా నచ్చదు. గోడ అయితే వారంలో లేస్తుంది, మొక్కలు వేళ్లూనటానికి రెండు మూడేళ్లు పడుతుంది. ఆ లోపల మిగిలిన పచ్చికను ఒడ్డుదాకా కత్తిరించకుండా ఉండాలి, కప్పు నీటిని పక్కకు మళ్లించాలి.