వంటింటికి రెండు కత్తులు చాలు!

మీ వంటింట్లో ఎన్ని కత్తులున్నాయో ఎప్పుడైనా లెక్కపెట్టారా? ఒక్కసారి సొరుగు లాగి చూడండి. పెళ్లికి ఎవరో ఇచ్చిన ఆరు కత్తుల సెట్టు, ఎగ్జిబిషన్‌లో పీలరు కొంటే ఉచితంగా వచ్చిన చాకు, కేకుతో పాటు వచ్చిన ప్లాస్టిక్ కత్తి, పిడి ఊడినా పారేయబుద్ధి కానిది ఒకటి... తక్కువలో తక్కువ ఏడెనిమిది తేలతాయి. రోజూ చేతికొచ్చేది మాత్రం ఒక్కటే. అదైనా సరిగ్గా తెగుతుందా అంటే, టమాటా మీద పెడితే టమాటా నలుగుతుంది గానీ తెగదు!

ముప్ఫయ్యేళ్లుగా ఇంటిల్లిపాదికీ వండుతున్న అనుభవంతో చెబుతున్నాను. మన వంటకి చేతి కత్తులు రెండు చాలు. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. తోడుగా ఒక పీలరు. కత్తిపీట ఉంటే దాన్ని అటక ఎక్కించకండి. అంతే. మిగతా శ్రద్ధంతా పదును మీద పెట్టండి. పదునైన కత్తంటే భయపడేవాళ్లు చాలామంది ఉన్నారు కానీ నిజానికి భయపడాల్సింది మొద్దు కత్తికే. అది కాయలోకి దిగదు కాబట్టి బలమంతా పెట్టి నొక్కుతాం. నున్నటి ఉల్లిపాయ మీద నుంచి జారిందంటే ఆ బలమంతా వేలి మీదికే!

ఉల్లిపాయ మాటెలాగూ వచ్చింది కదా. కోసేటప్పుడు కళ్లనీళ్లు రావడానికి కూడా కత్తి కొంత కారణమే. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2025లో దీన్ని పరీక్షించి చూశారు. మొద్దు కత్తితో కోసినా, వేగంగా నరికినా ఉల్లిపాయలోంచి రసం తుంపరలు ఎక్కువగా ఎగురుతాయట. పదునైన కత్తితో నిదానంగా కోస్తే తక్కువ. నీళ్లలో నానబెట్టడాలు, నోట్లో చెంచా పెట్టుకోవడాల కన్నా ఇది తేలికే కదూ!

ఇక కత్తిపీట. బెంగాల్లో బోటీ అంటారు, మహారాష్ట్రలో విళీ. మా అత్తగారు దాని ముందు కూర్చుంటే నాలుగు కట్టల తోటకూర, కిలో బెండకాయలు కబుర్లు చెబుతూనే అయిపోయేవి. మోకాళ్ల నొప్పులొచ్చి కింద కూర్చోలేకపోయాక ఆవిడ చేతికి చాకు ఇచ్చాం. వంకాయ తరగడానికి కూడా తడబడ్డారు. "ఇంక నాకు వంటింట్లో పనేముందే" అని బాగా చిన్నబుచ్చుకున్నారు.

లోపం ఆవిడ చేతిలో లేదు. కత్తిపీట మీద కత్తి కదలదు, కాయ కదులుతుంది. రెండు చేతులూ కాయ మీదే ఉంటాయి. చాకుతో అయితే కాయ కదలకూడదు, కత్తి కదలాలి. అరవై ఏళ్ల అలవాటుని ఒక్కరోజులో తిరగేయమంటే ఎవరివల్ల అవుతుంది? ఆవిడ్ని భోజనాల బల్ల దగ్గర కుర్చీలో కూర్చోబెట్టాం. జారకుండా తడిగుడ్డ పరిచి దాని మీద చెక్క పెట్టాం. చిన్న చాకు తీసేసి ఆరంగుళాల కత్తి ఇచ్చాం. మొదట దొండకాయ, బెండకాయ; తర్వాత బీరకాయ; ఆఖర్న ఉల్లిపాయ. నెల తిరిగేసరికి ఆవిడ ముక్కలు నా ముక్కల కన్నా సమంగా వస్తున్నాయి. మీ ఇళ్లలోనూ ఇలా పీట మీంచి లేచిపోయిన అత్తగారో, అమ్మో ఉంటే ప్రయత్నించి చూడండి. కింద కూర్చోగలిగినవాళ్లకి మాత్రం ఆకుకూరలకీ, చేపలకీ కత్తిపీటను మించింది లేదు. పసిపిల్లలున్న ఇంట్లో మడిచే రకం కొనండి. పని కాగానే మడిచి పైన పెట్టేయండి.

పెద్ద కత్తి కొనేటప్పుడు దుకాణంలో చేతితో పట్టుకుని చూడకుండా కొనకండి. అలుగు ఆరు నుంచి ఎనిమిది అంగుళాలుండాలి. మన ఆడవాళ్ల చేతులకి ఆరేడు అంగుళాలు హాయి. పిడి పట్టుకుని కత్తిని బల్ల మీద ఆనించండి. వేళ్ల కణుపులు బల్లకి కొట్టుకుంటుంటే ఆ కత్తి వెడల్పు చాలదు. ఉక్కు పిడి చివరిదాకా వెళ్లి రివెట్లతో బిగించి ఉంటే ఎక్కువకాలం మన్నుతుంది. ప్లాస్టిక్ పిడి అయినా ఫర్వాలేదు గానీ తడిచేతికి జారకూడదు. ఖరీదైన జపాన్ రకాలు చాలా గట్టి ఉక్కుతో, పల్చటి అంచుతో వస్తాయి. కూరగాయలకి బాగుంటాయి గానీ ఎముక మీదో, కొబ్బరి చిప్ప మీదో వేస్తే అంచు పెళ్లలు రాలుతుంది. మనింట్లో ఒకే కత్తి అన్నిటికీ తిరుగుతుంది కాబట్టి నా ఓటు మామూలు స్టెయిన్‌లెస్ స్టీలుకే.

కమ్మరి చేసిన ఇనప కత్తికి పదును ఇట్టే వస్తుంది. అయితే దాంతో అరటికాయ, అరటిపువ్వు కోస్తే ముక్కలు మరీ నల్లబడతాయి. వాటిలోని వగరుకీ ఇనుముకీ పడదు. నిమ్మకాయ, మామిడికాయ కోశాక వెంటనే కడిగి తుడవకపోతే తుప్పు పట్టేస్తుంది. అంత ఓపిక ఉన్నవాళ్లే దాని జోలికి వెళ్లాలి.

చిన్న చాకు మూడు నాలుగు అంగుళాలు చాలు. వెల్లుల్లికి, అల్లం చెక్కడానికి, గుత్తివంకాయకి నాలుగు పక్షాలుగా గాటు పెట్టడానికి. రంపం పళ్ల కత్తి బ్రెడ్డు తరచూ కోసేవాళ్లకి తప్ప అక్కర్లేదు. అది మొద్దుబారితే ఇంట్లో సాన పెట్టుకోవడమూ కష్టమే.

ఆవకాయ టెంకల మీద ఈ కత్తుల్ని ప్రయోగించకండి. దానికి చెక్కకి బిగించిన బరువైన కత్తి వేరే ఉంది. వేసవిలో మార్కెట్లో కొట్టిచ్చేవాళ్లు దొరుకుతారు. నాలుగు రూపాయలు పోయినా వేళ్లు దక్కుతాయి. గుమ్మడికాయకి మొదటి దెబ్బ మగవాళ్లే వెయ్యాలంటారు కదా, ఆ ఆచారం ఎలా పుట్టిందో గానీ నేను మాత్రం సంతోషంగా పాటిస్తున్నాను!

అన్నిటికన్నా ముఖ్యమైనది సాన. వీధిలోకి సైకిల్ మీద వచ్చే సానవాడికి ఏడాదికోసారి ఇస్తే చాలు. ప్రతినెలా ఇస్తే కత్తి అరిగి చాకవుతుంది. మధ్యలో మనమే సానరాయి మీద పెట్టుకోవచ్చు. రాయి తడిపి, కింద గుడ్డ వెయ్యండి. కత్తిని రాయి మీద నిట్టనిలువుగా పెట్టండి. సగం వంచండి. అందులో మళ్లీ సగం వంచండి. దాదాపు ఇరవై డిగ్రీలు. ఆ వాలు మారకుండా ఒకవైపు పదిసార్లు, రెండోవైపు పదిసార్లు నెమ్మదిగా లాగండి. ముందు గరుకు వైపు, తర్వాత నున్నటి వైపు. రాయి లేకపోతే పింగాణీ కప్పు బోర్లించండి. అడుగున మెరుపు లేని గరుకు అంచు ఉంటుంది. అత్యవసరానికి అదే సాన. పదును వచ్చిందో లేదో టమాటాని అడగండి. నొక్కకుండా లాగితే తోలు తెగాలి. వేలితో మాత్రం చూడకండి.

వచ్చిన పదును నిలవాలంటే గ్రానైట్ గట్టు మీద, గాజు పలక మీద, స్టీలు పళ్లెంలో కోయడం మానాలి. చెక్క గానీ ప్లాస్టిక్ బోర్డు గానీ వాడండి. మాంసానికి, చేపలకి వేరే బోర్డు ఉంచుకోండి. తరిగేటప్పుడు కాయ పట్టుకున్న చేతివేళ్లు లోపలికి ముడుచుకోండి. గుండ్రటి కాయని ముందు రెండు చెక్కలు చేసి, చదునువైపు కిందికి బోర్లిస్తే దొర్లదు. చేయి జారిన కత్తిని పట్టుకోబోకండి. వెనక్కి గెంతండి!

కత్తిని సింకులో అంట్లతో పాటు వదిలేసే అలవాటుంటే ఈరోజే మానండి. మా వీధిలో ఒకింట్లో సబ్బునీళ్ల అడుగున కత్తి కనపడక పనమ్మాయి బొటనవేలు లోతుగా తెగింది. ఐదు కుట్లు పడ్డాయి. పది రోజులు ఏ ఇంట్లోనూ పని చేయలేకపోయింది. ఆ పదిరోజుల జీతం ఎవరిస్తారు? కోయడం అవగానే కత్తిని మనమే కడిగి, తుడిచి, పక్కన పెట్టుకోవడానికి అరనిమిషం కూడా పట్టదు. తెగితే పారే నీటి కింద కడిగి, శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు గట్టిగా అదిమి పట్టండి. పసుపో కాఫీపొడో అద్దకండి. రక్తం ఆగకపోయినా, గాయం నోరు తెరుచుకున్నట్టున్నా, వేలు తిమ్మిరెక్కినా డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే. ధనుర్వాతం ఇంజక్షన్ ఎప్పుడు చేయించుకున్నారో కూడా చెప్పండి.

సొరుగులో మిగిలిన ఆ ఐదారు కత్తులూ వదిలించుకోవాలనుకుంటే పాత ఇనప సామాన్లవాడికి ఇవ్వండి. చెత్తలో వేయాల్సి వస్తే మాత్రం మందపాటి అట్టలో చుట్టి, దారంతో కట్టి, పైన 'కత్తి' అని పెద్దక్షరాలతో రాసి వేయండి. చెత్తబండి అబ్బాయి సంచిలో చేయి పెడతాడు కదా.