మేరీ కోమ్ మీద మా ఊరి కోపం

మేరీ కోమ్ అంటే మా ఇంట్లో అందరికీ ప్రాణం. తర్వాత కొన్నాళ్లు ఆమె పేరెత్తితే ఒళ్లు మండేది. ఇప్పుడు నాకున్నది ఈ రెండూ కాదు.

మహిళల బాక్సింగ్ ఒలింపిక్స్‌లోకి వచ్చిందే 2012లో, అదీ మూడే విభాగాలతో: 51, 60, 75 కిలోలు. మేరీ అప్పటిదాకా గెలిచిన ఐదు ప్రపంచ టైటిళ్లూ 48 కిలోలు, అంతకన్నా తక్కువ బరువులోవి. అంటే లండన్‌లో ఆమెకు సరిపడే విభాగమే లేదు. బరువు పెంచుకుని, తనకన్నా పొడుగువాళ్లతో తలపడి కాంస్యం తెచ్చింది. అప్పటికే కవల పిల్లల తల్లి. బాక్సింగంటే గిట్టని మా అమ్మ కూడా "ఎంత మొండిదే!" అని మురిసిపోయింది.

ఆ మొండితనమే 2019లో మాకు మింగుడుపడలేదు. దాచడం దేనికి, ఈసారి ఎదుట నిలబడింది మా నిజామాబాద్ పిల్ల. టోక్యో ఒలింపిక్స్ క్వాలిఫయర్స్‌కు 51 కిలోల్లో మేరీనే నేరుగా పంపేలా ఫెడరేషన్ మాటలుండటంతో, నిఖత్ జరీన్ అప్పటి క్రీడామంత్రి కిరణ్ రిజిజుకు లేఖ రాసింది. అడిగింది ట్రయల్ పెట్టమనే. షూటర్ అభినవ్ బింద్రా ఆమెను సమర్థిస్తే, బాక్సింగ్‌లో నీ జోక్యమేమిటన్నట్టు మాట్లాడింది మేరీ. డిసెంబరు 28న ఢిల్లీలో ట్రయల్ జరిగింది. మేరీ 9-1తో గెలిచింది, చేయి మాత్రం కలపలేదు. "గెల్శినంక గూడ గింత కోపమేందక్కా?" అన్నాడు మా తమ్ముడు. స్కోరుతో మాకు పేచీ లేదు. ఆ చేయి దగ్గరే మా మనసు విరిగింది.

2021 జూలైలో టోక్యో. కొలంబియా బాక్సర్ ఇంగ్రిట్ వాలెన్సియాతో మొదటి రౌండు 1-4తో పోయింది, తర్వాతి రెండూ 3-2తో మేరీవే. అయినా 3-2తో ఓడింది. రెండు రౌండ్లు గెలిచి ఓడటమేమిటని మా తమ్ముడు గోల. ఇక్కడ లెక్క రౌండ్లది కాదు, జడ్జీలది. ఐదుగురిలో ఒక్కొక్కరూ మూడు రౌండ్లకూ తాము వేసిన మార్కులు కూడుకుంటారు. ముగ్గురి మొత్తం ఎటు మొగ్గితే గెలుపు అటే. రింగు దిగేటప్పటికి తానే గెలిచాననుకుంది మేరీ. 38 ఏళ్లు. వాలెన్సియాను మాత్రం వాటేసుకుంది.

జాలిపడి నా అభిప్రాయం మారిందంటే అబద్ధం. నాకు తట్టింది వేరే. 2018లో ఆరో ప్రపంచ టైటిల్ కూడా మేరీ 48 కిలోల్లోనే గెలిచింది. ఒలింపిక్స్‌లో మళ్లీ ఆ విభాగం లేదు. పోవాలంటే 51లోకే, నిఖత్ ఉన్న చోటికే పోవాలి. ఇద్దరికీ ఉన్నది ఒకటే సీటు. ఆమె దాన్ని వదులుకోవాలని కోరుకున్నవాళ్లమే, లండన్‌లో వదలనందుకు చప్పట్లు కొట్టాం! చేయి కలపకపోవడాన్ని మాత్రం నేనిప్పటికీ ఒప్పుకోను.

నిఖత్ 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ ఛాంపియన్ అయింది. ఇస్తాంబుల్ గెలుపు తర్వాత మేరీతో నవ్వుతూ ఫొటో దిగింది. మా ఊరి కోపం చల్లారకముందే ఆమె కోపం చల్లారినట్టుంది. 2024లో పారిస్ ఒలింపిక్స్‌లో చైనా బాక్సర్ వూ యూ చేతిలో 5-0తో ఓడింది. ఆ విభాగంలో స్వర్ణం చివరికి వూ యూదే. "డ్రా మంచిగ రాలేదక్కా" అంటాడు తమ్ముడు. రేపు ఏ హర్యానా పిల్లో నిఖత్‌తో ట్రయల్ కావాలని లేఖ రాస్తే ఎవరివైపుంటావురా అని అడిగాను. వాడింకా ఆలోచిస్తున్నాడు. నేను మాత్రం ట్రయల్ పెట్టమనే అంటాను.