సంచిలో ఒక జత బట్టలు

అత్యాచారానికి గురైన అమ్మాయి ఆసుపత్రికి చేరాక ముందుగా వదులుకోవాల్సింది ఒంటి మీది బట్టలనే. కింద పరిచిన కాగితం మీద నిలబడి ఒక్కొక్కటీ విప్పి ఇవ్వాలి. తడి ఉంటే ఆరబెడతారు. వేటికవి విడిగా కాగితపు కవర్లలో పెట్టి, సీలు వేసి, పోలీసులకు అప్పగిస్తారు. సాక్ష్యం కదా, తప్పదు. మరి ఆ పిల్ల ఇంటికి ఏం కట్టుకుని వెళ్లాలి?

చట్టాలు ఎన్ని చదివినా నాకీ ప్రశ్న తట్టలేదు. ఇలాంటి కేసుల్లో ఆడపిల్లలకు తోడు వెళ్లే ఒకావిడ సంచి చూశాక తట్టింది. రైతుబజారుకు పట్టుకెళ్లే సంచి లాంటిదే అది. లోపల ఒక నైటీ, ఒక పంజాబీ డ్రెస్సు, విప్పని ప్యాకెట్లో లోదుస్తులు, హవాయి చెప్పులు, ప్యాడ్లు, గ్లూకోజు బిస్కెట్లు, నీళ్ల సీసా. వాటి కింద ఒక చిన్న గౌను. దాని కింద ఒక నిక్కరు, టీషర్టు. నిక్కరు ఎవరికని అడగబోయి నాలుక కరుచుకున్నాను. పిల్లల మీద జరిగే దారుణాల గురించి కేంద్ర మహిళా శిశు సంక్షేమ శాఖ 2007లో విడుదల చేసిన అధ్యయనంలో, లైంగిక వేధింపులకు గురయ్యామని చెప్పిన పిల్లల్లో సగానికి పైగా మగపిల్లలే. 2012లో వచ్చిన పోక్సో చట్టం అందుకే ఆడపిల్ల, మగపిల్లాడు అన్న తేడా పెట్టలేదు.

ఆవిడను అందరూ అక్క అంటారు. కాగితాల మీద హోదా ఏదో ఉంది గానీ ఆవిడ చేసేది ఒకటే పని, పక్కన కూర్చోవడం. క్యాజువాలిటీ ముందు, స్టేషన్ రైటర్ బల్ల ముందు, మేజిస్ట్రేటు గది బయట, కోర్టు వరండాలో. ముందుగా ఏం జరిగిందని అడగదట. నీళ్లు తాగుతావా అంటుందట. జరిగింది చెప్పించుకోవడానికి ఎలాగూ అరడజను మంది కాచుకుని ఉంటారని ఆవిడ లెక్క.

మన భాషలోనూ చిక్కుంది. మానభంగం అంటాం. చెడిపోయింది అంటాం. నేరం చేసినవాడి మానం చెక్కుచెదరదు, భంగమయ్యేది ఆమెది! బాధితురాలు అన్న మాట కొంత నయమే గానీ అదీ ఆమెను జీవితాంతం ఏడుస్తూ కూర్చోమన్నట్టే ఉంటుంది. సర్వైవర్‌కు సరైన తెలుగు ఇంకా కుదరలేదు. అక్క ఇవేవీ వాడదు. ‘మా అమ్మాయి’ అంటుంది.

మా లిమిట్స్ కాదు

తోడు లేకుండా వెళ్తే ఏమవుతుందో ఆసుపత్రి గుమ్మంలోనే తెలిసిపోతుంది. పోలీసు కాగితం తెచ్చారా అంటారు. ప్రైవేటు ఆసుపత్రి అయితే ఈ కేసులు మేం చూడం, పెద్దాసుపత్రికి వెళ్లండంటారు. రెండూ తప్పే. సర్కారుదైనా ప్రైవేటుదైనా ఏ ఆసుపత్రి అయినా ఆమెకు అప్పటికప్పుడు ఉచితంగా వైద్యం చేయాలని 2013 నుంచీ చట్టం ఉంది, కొత్త భారతీయ నాగరిక సురక్షా సంహితలోనూ అది కొనసాగింది. కాదంటే అది నేరం. నేరుగా ఆసుపత్రికి వచ్చినా ఆమె ఒప్పుకుంటే పరీక్ష చేయొచ్చు, ఎఫ్‌ఐఆర్ కోసం ఆగనక్కర్లేదు. గర్భం రాకుండా ఇచ్చే మాత్ర, హెచ్‌ఐవీ సోకకుండా ఇచ్చే మందులు 72 గంటల లోపు మొదలుపెట్టాలి, ఎంత ముందైతే అంత మంచిది. ఊరి పెద్దమనుషులు పంచాయతీ పెట్టి, బంధువులు వచ్చి, పరువు సంగతి చర్చించి, సరే కేసు పెడదాం అనుకునేసరికి ఆ మూడు రోజులూ కాస్తా గడిచిపోతాయి.

రెండు వేళ్ల పరీక్ష ఉండేది. ‘అలవాటు పడిన మనిషేనా’ అని తేల్చడానికి డాక్టర్లు చేసేవాళ్లు. అది ఆమె గౌరవానికి భంగమని సుప్రీంకోర్టు 2013లో చెప్పింది. ఎవరూ మానకపోయేసరికి 2022 అక్టోబరులో, ఇక ఆ పరీక్ష ఎవరు చేసినా దుష్ప్రవర్తన కిందే లెక్క అని మళ్లీ చెప్పాల్సి వచ్చింది. కోర్టు ఒకసారి చెప్తే సరిపోతుందనుకునేవాళ్లు ఈ రెండు తేదీల నడుమ గడిచిన తొమ్మిదేళ్లను గుర్తుపెట్టుకోవాలి.

ఇక స్టేషన్. 2019 నవంబరు 27 రాత్రి శంషాబాద్ దగ్గర టోల్‌గేటు పక్కన స్కూటీతో చిక్కుకుపోయిన పశువైద్యురాలు ఏమైందోనని ఇంట్లోవాళ్లు పోలీసుల దగ్గరికి పరుగెత్తారు. ఇది మా పరిధి కాదన్న మాట అక్కడ వినాల్సి వచ్చింది. ఆమెపై అత్యాచారం చేసి చంపేశారని తేలాక ఒక ఎస్సైని, ఇద్దరు హెడ్‌కానిస్టేబుళ్లను సస్పెండ్ చేశారు. డిసెంబరు 6న చటాన్‌పల్లి దగ్గర నలుగురు నిందితులను ఎన్‌కౌంటర్ చేస్తే జనం పోలీసుల మీద పూలు చల్లారు. సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ 2022లో ఏం తేల్చిందో మాత్రం పూలు చల్లినవాళ్లలో ఎంతమంది చదివారో అనుమానమే: చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని తేల్చింది. ఆ డిసెంబరులోనే ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ 21 పనిదినాల్లో శిక్ష అంటూ, ఆమెకు పెట్టిన పేరుతోనే దిశ బిల్లు ఆమోదించింది. రాష్ట్రపతి ఆమోదం దక్కక అది చట్టం కాలేకపోయింది.

ఆ రోజుల్లో ఎక్కడ చూసినా తుపాకీ మాట, ఉరితాడు మాట. స్టేషన్లో ‘మా లిమిట్స్ కాదు’ అన్న ఆ చిన్న మాట గురించి ఎవరికీ అంత కోపం రాలేదు. నన్నడిగితే రావాల్సింది దాని మీదే. ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లోనైనా ఫిర్యాదు తీసుకుని, జీరో ఎఫ్‌ఐఆర్ కట్టి, సంబంధిత స్టేషనుకు పంపాల్సిన పని పోలీసులది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన ఆ సురక్షా సంహితలో దీన్ని స్పష్టంగా రాశారు. ఈ సెక్షన్ల జిరాక్సు అక్క సంచిలోనే ఉంటుంది, బిస్కెట్ల పక్కన. నలిగి మడతల దగ్గర చిరుగుతోంది.

ఆ కాగితం ఎవరూ దయతలచి ఇచ్చింది కాదు. 1978 మార్చిలో హైదరాబాదులో రాత్రి సినిమా చూసి భర్తతో ఇంటికి వెళ్తున్న ఒకామెను నల్లకుంట స్టేషనుకు పట్టుకెళ్లారు. పోలీసులే అత్యాచారం చేశారు. అడగబోయిన భర్తను కొట్టారు, రిక్షా తొక్కి బతికే ఆ మనిషి చనిపోయాడు. నగరం భగ్గుమంది, కర్ఫ్యూ పెట్టారు. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులదే తప్పంది. ఆమె మంచిది కాదని నిరూపించడానికి పోలీసుల తరఫువాళ్లు ఎంత దూరమైనా వెళ్లారు. కేసు కర్ణాటకకు మారింది. 1981లో రాయచూరు కోర్టు అందరినీ వదిలేసింది. ఆమె పేరు అప్పటి పత్రికలన్నీ అచ్చేశాయి, నాకూ తెలుసు. రాయను.

అదే 1978లో, మహారాష్ట్రలో ఒక ఆదివాసీ బాలికపై స్టేషన్లోనే జరిగిన అత్యాచారం కేసులో సుప్రీంకోర్టు ఇద్దరు పోలీసులను విడిచిపెట్టింది. ఒంటి మీద గాయాల్లేవు, ప్రతిఘటించిన జాడ లేదు అన్నది. మరుసటేడు ఉపేంద్ర బక్షీ, లోతికా సర్కార్, వసుధా ధగంవార్, రఘునాథ్ కేల్కర్ అనే నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. ఊరూరా స్త్రీలు వీధుల్లోకి వచ్చారు. ఫలితం అత్యాచార చట్టానికి 1983లో వచ్చిన సవరణ. కస్టడీలో జరిగిన అత్యాచారంలో నేను ఒప్పుకోలేదని ఆమె చెప్తే కోర్టు నమ్మి మొదలుపెట్టాలి. ఆమె పేరు బయటపెట్టడం నేరం. ఈ రెండూ అప్పుడు వచ్చినవే.

పదకొండు మంది

విశాఖ మన్యంలో జి.మాడుగుల మండలం వాకపల్లి కోందు ఆదివాసుల చిన్న ఊరు. 2007 ఆగస్టు 20న కూంబింగుకు వచ్చిన గ్రేహౌండ్స్ పోలీసులు తమపై అత్యాచారం చేశారని అక్కడి పదకొండు మంది స్త్రీలు కొండ దిగి వచ్చి చెప్పారు. మావోయిస్టులు చెప్పిస్తున్నారని పోలీసులు కొట్టిపారేశారు. మాట మీద నిలబడడం ఎలా ఉంటుందో చూడాలంటే అప్పటి నుంచి 2023 దాకా ఆ స్త్రీలను చూడాలి. 13 మంది పోలీసులు విచారణ ఎదుర్కోవాల్సిందేనని హైకోర్టు 2012లో అంది. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లి, 2017లో గానీ విచారణకు దారి పడలేదు. సొంత భాష తెలుగు కాని ఆడవాళ్లు, వంద కిలోమీటర్లకు పైబడిన విశాఖపట్నం వచ్చి, కోర్టు హాల్లో, ఖాకీ బట్టలవాళ్ల నడుమ, పదేళ్ల కిందటి ఒక పొద్దును మళ్లీ చెప్పాలి. ఆదివాసీ సంఘాలు, మానవ హక్కుల వేదిక లాంటివి, కొందరు లాయర్లు వెన్నంటి ఉన్నారు కాబట్టి చెప్పగలిగారు.

2023 ఏప్రిల్ 6న ప్రత్యేక కోర్టు ముద్దాయిలందరినీ నిర్దోషులుగా వదిలేసింది. దర్యాప్తు సరిగా చేయలేదన్నది. ఆ స్త్రీలకు పరిహారం ఇవ్వాలని కూడా ఆ తీర్పే చెప్పింది. ఆ రెండు వాక్యాలను పక్కపక్కన పెట్టుకుని నేను చాలాసేపు చూశాను. అప్పటికి పదకొండు మందిలో ఇద్దరు కన్నుమూశారు.

వాకపల్లిని ఓటమి అనలేను. ఒక్కరు కూడా మాట మార్చలేదు. కోర్టుల్లో మామూలుగా జరిగేది దీనికి తలకిందులుగా ఉంటుంది. ఏళ్లు గడుస్తాయి, అమ్మాయికి పెళ్లి కుదురుతుంది, అత్తవారింట్లో తెలియకూడదు, నిందితుడి తరఫువాళ్లు రాజీకి మనిషిని పంపుతారు, సాక్షి అడ్డం తిరుగుతుంది. ఆ నిందితుడు ఎవరో బయటివాడూ కాదు. జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కలో 2021లో నమోదైన 31,677 అత్యాచార కేసుల్లో నూటికి 96 పైగా నిందితుడు తెలిసినవాడే. పక్కింటి అన్నయ్య, మేనమామ, పెళ్లి చేసుకుంటానన్నవాడు. తెలిసినవాడి మీద కేసంటే ఆ పిల్ల ఒక మనిషితో కాదు, రెండు కుటుంబాలతోనూ ఒక వీధితోనూ తలపడాలి. చీకటి సందుల్లో సీసీ కెమెరాలు పెట్టేస్తే సరి అనుకునే మనకు ఇది మింగుడుపడదు.

అందుకే తోడు. పోక్సో నియమాల్లో ‘సపోర్ట్ పర్సన్’ అన్న పేరుతో ఈ మనిషికి చోటుంది. పిల్లకు, ఇంట్లోవాళ్లకు కేసు ఎంతవరకు వచ్చిందో చెప్పడం, కోర్టుకు వెంట వెళ్లడం, పరిహారం దరఖాస్తు పెట్టించడం ఆ మనిషి పనులు. ఇది ఇష్టమైతే చేసేది కాదు, తప్పనిసరి అని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు అంది. జిల్లాల్లో సఖి కేంద్రాలున్నాయి, హైదరాబాదులో 2016లో మొదలైన భరోసా కేంద్రం ఉంది, 181కి ఫోన్ చేయొచ్చు. కొండవీటి సత్యవతి నడిపే భూమిక సంస్థ 2006లోనే స్త్రీల కోసం హెల్ప్‌లైన్ పెట్టింది. చేతులు ఉన్నాయి. అవసరానికి అవి చాలవు, ఉన్నవాళ్లకూ జీతాలు నెలనెలా రావు.

అక్క వాళ్లింట్లో వంటగది తలుపు పక్కన తెలుగు క్యాలెండరు వేలాడుతోంది. మామూలుగా పాల లెక్క రాసుకునే గళ్లలో వాయిదాలు రాసుకుంటుంది. పేర్లుండవు. కోర్టు నంబరు, పక్కన చిన్న గుర్తు. నేను వెళ్లిన రోజు జనవరి పేజీ ఎత్తి చూపించింది. మూడు వాయిదాలు. అందులో ఒకటి భోగికి రెండు రోజుల ముందు, ఆ రోజు మా అమ్మాయిని క్రాస్ ఎగ్జామిన్ చేస్తారు. పండగ రద్దీలో ఆ పిల్ల ఊరి నుంచి బస్సు దొరకదేమో, పదిన్నరకల్లా కోర్టులో ఉండాలే అని లెక్కలు వేసుకుంటూ, ముందు రోజు రాత్రి ఇక్కడికే తెచ్చి పడుకోబెడితే ఎలా ఉంటుందని నన్నడిగింది.